గేరుపెట్టె మూత తెరిచినవాళ్ళు

షెవ్రొలే కంపెనీ పికప్ ట్రక్కు ఒకదాని కింద దూరి చూస్తే, డ్రైవరు పక్కన కూర్చునే మనిషి వైపు, గేరుపెట్టెకు అరచేతిలో పట్టేటంత గుండ్రటి మూత ఒకటి కనిపిస్తుంది. దాన్ని లోపలికి నొక్కిపట్టి, అంచు చుట్టూ బిగించి ఉన్న తీగ రింగును ఊడదీస్తే మూత, దాని వెనక ఒక పిస్టను బయటికి వస్తాయి. అమెరికాలో ఎంతోమంది ట్రక్కు యజమానులు తమ ఇంటి షెడ్డులోనే ఈ పని చేశారు. పాత పిస్టను తీసేసి, అదే కంపెనీ తన కార్వెట్ అనే పందెపు తరహా కారు కోసం తయారుచేసిన పిస్టనును అక్కడ కూర్చోబెట్టారు. ఒక పూట పని. ఆ తర్వాత ట్రక్కు రెండో గేరులోకి మారే తీరే వేరుగా ఉంటుంది. అంతకుముందు తెలిసీ తెలియకుండా మారేది, ఇప్పుడు వెనకనుంచి ఎవరో తట్టినట్టు టక్కున మారుతుంది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. కార్వెట్‌కు పెట్టినది పెద్ద పిస్టను. చాలా ట్రక్కులకు పెట్టినది దానికన్నా చిన్నది. బరువులు మోసేది ట్రక్కు కదా, దానికి చిన్నదీ, ఇద్దరు మనుషులు తిరిగే కారుకు పెద్దదీ పెట్టడమేమిటి? కంపెనీ ఇంజనీర్లకు లెక్కలు రాక కాదు. ఈ సందేహం తీరాలంటే తనంతట తానే గేర్లు మార్చుకునే పెట్టె, అంటే ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్, ఎలా పుట్టిందో ముందు తెలుసుకోవాలి. ఆ కథ రోడ్డు మీద కాదు, ఓడల రేవులో మొదలవుతుంది.

ఓడల ఇంజనీరు

పెట్రోలు ఇంజనుకు ఒక పుట్టు లోపం ఉంది. ఆగి ఉన్నప్పుడు అది ఏ బలమూ ఇవ్వలేదు. నిమిషానికి కొన్ని వందల చుట్లు తిరుగుతుంటేనే దానికి ప్రాణం. చక్రాలేమో సున్నా నుంచి బయలుదేరాలి. తిరిగే ఇంజనుకూ తిరగని చక్రానికీ మధ్య జారుడు ఉండాలి. బండి కదిలాక, మెట్ట ఎక్కేటప్పుడు ఎక్కువ బలం, చదును రోడ్డు మీద ఎక్కువ వేగం రావాలంటే పళ్ళచక్రాల జతలు మారాలి. మొదటి పని క్లచ్చిది, రెండోది గేర్లది. మన లారీ డ్రైవరు ఎడమకాలూ ఎడమచేయీ రోజంతా చేసేవి ఈ రెండు పనులే.

1900 ప్రాంతంలో ఓడలకు ఇలాంటి చిక్కే వచ్చింది. కొత్తగా వచ్చిన ఆవిరి టర్బైను చాలా వేగంగా తిరిగితేనే బాగా పనిచేస్తుంది. ఓడ వెనకనుండే పంకా నెమ్మదిగా తిరిగితేనే నీటిని సరిగా తోస్తుంది. అంత శక్తిని తట్టుకునే పళ్ళచక్రాలు చేయడం అప్పట్లో కష్టం. జర్మనీలో స్టెటిన్ రేవులోని వుల్కాన్ నౌకానిర్మాణశాలలో పనిచేస్తున్న హెర్మన్ ఫటింగర్ పళ్ళచక్రాలే వద్దన్నాడు. ఇంజను ఒక పంపును తిప్పాలి, ఆ పంపు విసిరిన ద్రవం ఒక టర్బైనును తిప్పాలి, ఆ టర్బైను ఓడ పంకాను తిప్పాలి. పంపునూ టర్బైనునూ గొట్టాలతో కలిపితే రాపిడిలో శక్తి వృథా అవుతుంది కాబట్టి, రెంటినీ ఒకే పెట్టెలో ఎదురెదురుగా ముఖాలు ఆనించినట్టు పెట్టాడు. దీనికి ఆయన పేటెంటు 1905 నాటిది.

రెండు టేబుల్ ఫాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇస్తే రెండోది కూడా మెల్లగా తిరగడం మీరు చూసే ఉంటారు. గాలి స్థానంలో నూనె ఉంటే అదే ద్రవ సంధానం. ఇందులో ఇనుముకు ఇనుము తగలదు, అరుగుదల దాదాపు లేదు. బండి ఆగి ఉన్నా ఇంజను నూనెను కలియబెడుతూ తిరుగుతూనే ఉంటుంది. రెండు చక్రాల మధ్య కదలకుండా ఉండే మూడో రెక్కల చక్రాన్ని పెట్టి, తిరిగివచ్చే నూనెను పంపుకు అనుకూలమైన దిశలోకి మళ్ళిస్తే, మెలితిప్పే బలం దాదాపు రెట్టింపు కూడా అవుతుంది. అప్పుడు దాన్ని టార్క్ కన్వర్టరు అంటారు. అయితే ఈ జారుడు ఉచితంగా రాదు. జారినంత మేర శక్తి వేడిగా మారి నూనెలో కలుస్తుంది. ఈ వేడి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

1930లో ఇంగ్లండులోని డైమ్లర్ కంపెనీ ద్రవ సంధానాన్ని కార్లలో పెట్టింది. దాని వెనక అమర్చినది వాల్టర్ విల్సన్ రూపొందించిన గేరుపెట్టె. లండన్ రెండంతస్తుల బస్సులు ఎన్నో ఏళ్ళపాటు ఈ జంటతోనే నడిచాయి. మన దేశంలో ఫటింగర్ ఆలోచనను రైలింజనుకు మలచినవాడు ఇంజనీరు మన్ మోహన్ సూరి. ద్రవ సంధానాన్నీ టార్క్ కన్వర్టరునీ కలిపి డీజిల్ రైలింజన్ల కోసం ఆయన చేసిన సూరి ట్రాన్స్‌మిషన్‌కు చాలా పేరు వచ్చింది. తర్వాత దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థకు ఆయన అధిపతి అయ్యాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించకపోవడం విచారకరం.

సూర్యుడు, గ్రహాలు, వలయం

విల్సన్ గేరుపెట్టెలో మామూలు పళ్ళచక్రాల జతలు లేవు. మధ్యలో ఒక చక్రం, దాని చుట్టూ తిరిగే మూడు నాలుగు చిన్న చక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న ఒక వలయం. మధ్యదానికి సూర్యచక్రమనీ, చిన్నవాటికి గ్రహచక్రాలనీ పేరు. అనువాదకుడికి ఇంత తేలిగ్గా లొంగే సాంకేతిక పదాలు అరుదు, మాటకు మాట పెడితే చాలు, అర్థమూ బొమ్మా రెండూ వచ్చేస్తాయి. గ్రహాలన్నిటినీ పట్టి ఉంచే చట్రాన్ని వాహకం అందాం.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. సూర్యచక్రానికి 24 పళ్ళు, వలయానికి 72 అనుకుందాం. గ్రహానికి 24 వస్తాయి (72లోంచి 24 తీసి సగం చేయండి). వలయాన్ని కదలకుండా పట్టుకుని సూర్యుణ్ణి తిప్పితే, సూర్యుడు 4 చుట్లు తిరిగేసరికి వాహకం 1 చుట్టు తిరుగుతుంది. వేగం నాలుగో వంతు, బలం నాలుగు రెట్లు. సూర్యుణ్ణి పట్టుకుని వలయాన్ని తిప్పితే వాహకం చుట్టుకు 1.33 చుట్లు. అదే సూర్యుణ్ణి పట్టుకుని వాహకాన్ని తిప్పితే వలయం ఇంజను కన్నా వేగంగా తిరుగుతుంది. వాహకాన్ని పట్టుకుంటే? సూర్యుడు ఒకవైపు, వలయం రెండోవైపు. అంటే బండి వెనక్కి. ఏ రెంటినైనా కలిపి బిగిస్తే మొత్తం ఒకే ముద్దలా తిరుగుతుంది. పళ్ళు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి ఇరుక్కునే ఉంటాయి, గేరు మార్చడమంటే దేన్ని పట్టుకోవాలో, దేన్ని వదలాలో తేల్చడమే.

పట్టుకోవడానికి రెండు సాధనాలు. ఒకటి డ్రమ్ము చుట్టూ బిగుసుకునే పట్టీ. రెండోది ఒకదాని పక్క ఒకటి పేర్చిన పలకల క్లచ్చి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారులో రెండు గేర్లు ఇలా గ్రహచక్రాలతోనే ఉండేవి, పట్టీని డ్రైవరు కాలితో తొక్కి బిగించేవాడు. కాలి స్థానంలో నూనె ఒత్తిడిని పెడితే సగం పని అయినట్టే. మిగతా సగం, ఎప్పుడు బిగించాలో తెలుసుకోవడం.

నూనెతో ఆలోచించే పెట్టె

1904లోనే బోస్టన్‌కు చెందిన స్టర్టెవెంట్ సోదరులు వేగం పెరిగితే బయటికి విచ్చుకునే బరువులతో గేర్లు మార్చే కారు చేశారు. అది నిలవలేదు. నిలిచిన పని జనరల్ మోటార్స్‌లో ఎర్ల్ థామ్సన్ నాయకత్వంలో జరిగింది. గేర్లు గరగరమనకుండా కలిపే సింక్రోమెష్ అమరిక కూడా ఆయనదే, అది 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. ఆయన బృందం చేసిన హైడ్రామాటిక్ 1939 చివర్లో, 1940 సంవత్సరపు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో అమ్మకానికి వచ్చింది. ధర అదనంగా 57 డాలర్లు. నాలుగు గేర్లు, ఒక ద్రవ సంధానం, క్లచ్చి పెడల్ లేదు.

దాని మెదడంతా నూనెలోనే ఉంది. అది ఎలా ఆలోచిస్తుందో చూడండి. బయటికి పోయే ఇరుసు మీద చిన్న బరువులు తిరుగుతుంటాయి. బండి వేగం పెరిగితే అవి విచ్చుకుని ఒక కవాటాన్ని తెరుస్తాయి, అక్కడ నూనె ఒత్తిడి వేగంతోపాటు పెరుగుతుంది. రెండోవైపు, యాక్సిలరేటరును ఎంత తొక్కితే అంత పెరిగే మరో ఒత్తిడి ఉంటుంది. ఈ రెండూ ఒక చిన్న కడ్డీలాంటి కవాటాన్ని చెరోవైపు నుంచి నెడతాయి. వేగం నెగ్గితే కవాటం జరిగి పై గేరుకు నూనె వెళ్ళే దారి తెరుస్తుంది. కాలు బలంగా తొక్కి ఉంటే కవాటం ఆలస్యంగా జరుగుతుంది, అంటే బండి కింది గేరులో ఎక్కువసేపు లాగుతుంది. ట్రాన్సిస్టరు పుట్టక ముందే, 1939లో, నూనెతో నడిచే ఒక చిన్న కంప్యూటరు సామాన్యుడి కారు కింద ఉండేదంటే ఒప్పుకోక తప్పదు.

వెంటనే యుద్ధం వచ్చింది. అమెరికా ఎం5 తేలిక ట్యాంకుల్లో రెండేసి కాడిలాక్ ఇంజన్లు, వాటికి రెండు హైడ్రామాటిక్‌లు పెట్టారు. యుద్ధం ముగిశాక ప్రకటనల్లో ఆ మాట గట్టిగా చెప్పుకున్నారు. 1948లో బ్యూయిక్ కంపెనీ డైనాఫ్లో పేరుతో టార్క్ కన్వర్టరును తెచ్చింది. 1953లో ఫోర్డ్, 1954లో షెవ్రొలే తమ పికప్ ట్రక్కులకు కూడా ఆటోమేటిక్ పెట్టెను ఇవ్వసాగాయి. ఆ మధ్యలోనే, 1953 ఆగస్టు 12న, మిచిగన్ రాష్ట్రం లివోనియాలో హైడ్రామాటిక్ తయారయ్యే ఫ్యాక్టరీ తగలబడిపోయింది. ఇనుము కోసే గ్యాసు మంట నుంచి లేచిన నిప్పురవ్వలు నూనె మీద పడ్డాయి. ప్రాణనష్టం జరిగింది, 34 ఎకరాల కప్పు కూలిపోయింది. కాడిలాక్, ఓల్డ్స్‌మొబీల్ కార్లు కొన్నాళ్ళు బ్యూయిక్ వారి డైనాఫ్లోతో బయటికి వచ్చాయి. కొత్త ఫ్యాక్టరీ కోసం కంపెనీ విల్లో రన్ అనేచోట, యుద్ధకాలంలో బాంబర్ విమానాలు తయారైన భవనాన్ని తీసుకుంది.

పంచదార పానకమా, పిడికిలా?

ఇప్పుడు మన పిస్టను దగ్గరికి వద్దాం. గేరు మారడమంటే ఒక పట్టీ వదిలి ఇంకో క్లచ్చి పట్టుకోవడం. పట్టు ఒక్కసారిగా బిగుసుకుంటే ప్రయాణికుడి తల వెనక్కి కొట్టుకుంటుంది. అందుకని కంపెనీ ఇంజనీర్లు పట్టును కావాలనే మెల్లగా బిగిస్తారు. నూనె వెళ్ళే దారిలో సన్నటి రంధ్రం పెడతారు. పక్కనే స్ప్రింగు వెనక ఒక పిస్టను పెట్టి, వచ్చే నూనెలో కొంత అది మింగేలా చేస్తారు. ఈ ఆలస్యంలో పలకలు ఒకదాని మీద ఒకటి జారతాయి. జారినప్పుడు ఏమవుతుందో ఇందాకే చెప్పుకున్నాం.

ఎంత వేడి? స్థూలంగా లెక్క వేద్దాం. క్లచ్చి మీద 400 న్యూటన్-మీటర్ల మెలిబలం, పలకల మధ్య సగటు వేగభేదం సెకనుకు 100 రేడియన్లు, జారుడు అర సెకను. మూడూ గుణిస్తే 20,000 జౌళ్ళు. ఉక్కు పలకల బరువు అర కిలో అనుకుంటే (ఉక్కు విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 460 జౌళ్ళు) ఒక్క మార్పుతో ఉష్ణోగ్రత 87 డిగ్రీలు పెరగగలదు. సంతకెళ్ళే కారు ఈ పని అప్పుడప్పుడు చేస్తుంది, మధ్యలో నూనె చల్లబరుస్తుంది. వెనక గుర్రాల బండిని తగిలించుకుని కొండ ఎక్కే ట్రక్కు పదేపదే చేస్తుంది. జారుడు కాలాన్ని సగం చేస్తే వేడి బాగా తగ్గుతుంది. సరిగ్గా సగం కాదు, ఎందుకంటే ఇంజనులో తిరిగే బరువుల వేగాన్ని తగ్గించే పని ఎలాగూ ఆ పలకలదే.

అందువల్ల మెత్తగా మారే గేరు మనిషికి సుఖం, పలకలకు శిక్ష. షోరూంలో పది నిమిషాలు నడిపి చూసే కొనుగోలుదారు మెత్తదనానికే మార్కులు వేస్తాడు. ట్రక్కుకు చిన్న పిస్టను ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. కార్వెట్ కొనేవాడు ఆ కుదుపునే కోరుకుంటాడు.

ఈ సంగతిని కంపెనీల బయట మొదట పట్టుకున్నవాళ్ళు పందెపు కుర్రాళ్ళు. 1950 దశకంలో కాలిఫోర్నియాలో, పావు మైలు దూరం ఎవరు ముందు దాటుతారో తేల్చే పందేలు జోరుగా సాగేవి. హైడ్రామాటిక్‌లను పాత కార్లలోంచి ఊడదీసి, గేర్లు తామే చేత్తో మార్చుకునేలా, మార్పు ఠపీమని జరిగేలా సవరించుకున్నారు. 1953లో మొదలైన బి అండ్ ఎం కంపెనీ దీన్నే వ్యాపారంగా చేసుకుంది. తర్వాత గిల్ యంగర్ అనే మెకానిక్కు ట్రాన్స్‌గో కంపెనీ ద్వారా, ఎవరైనా ఇంట్లో బిగించుకోగల చిన్న సామాన్ల పొట్లాన్ని అమ్మాడు. పేరు షిఫ్ట్ కిట్. అందులో ఉండేవి కొన్ని స్ప్రింగులు, ఒకటి రెండు కవాటాలు, డ్రిల్లు బిట్లు, ఓ కాగితం. నూనె దారులున్న అచ్చుకూ పెట్టెకూ మధ్య ఒక రేకు ఉంటుంది. దానిలో ఫలానా రంధ్రాన్ని ఫలానా కొలతకు పెద్దది చేయమని ఆ కాగితం చెబుతుంది. 2 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 2.5కు పెంచితే వైశాల్యం 1.56 రెట్లు. నూనె ఆ మేరకు త్వరగా వెళ్తుంది. ఇంత పెద్ద యంత్రం స్వభావాన్ని ఒక డ్రిల్లు బిట్టుతో మార్చవచ్చన్నది నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది.

తిమింగలం, పెట్రోలు, ఓ ఇరుకు పెట్టె

పలకలు జారాలి, కానీ వణకకుండా జారాలి. దానికి తగిన నూనె కావాలి. జనరల్ మోటార్స్ 1949లో ఈ నూనెకు టైప్ ఎ పేరుతో ప్రమాణాలు పెట్టింది. చాలా ఏళ్ళు ఆ నూనెల్లో కలిపిన దినుసుల్లో స్పెర్మ్ తిమింగలం తలనుంచి తీసే నూనె ఒకటి. 1970 దశకం మొదట్లో ఆ జీవిని కాపాడే చట్టాలు అమెరికాలో వచ్చాక, రసాయన శాస్త్రజ్ఞులు హడావిడిగా ప్రత్యామ్నాయాలు వెతకవలసి వచ్చింది.

అదే సమయంలో ఇంకో దెబ్బ. 1973లో అరబ్ దేశాలు చమురు సరఫరా ఆపాయి. 1975లో అమెరికా ఒక చట్టం చేసి, కంపెనీలు అమ్మే కార్లు సగటున గాలనుకు ఇన్ని మైళ్ళు పోవాలని నిర్ణయించింది. దాంతో మూడు గేర్లు చాలలేదు. రాదారి మీద ఇంజను నెమ్మదిగా తిరిగేలా నాలుగో గేరు, టార్క్ కన్వర్టరు జారకుండా బిగించే తాళం కావలసి వచ్చాయి. జనరల్ మోటార్స్ 1982 మోడల్ బండ్లకు 700ఆర్4 అనే పెట్టెను తెచ్చింది. గేరు నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. 1990లో దీని పేరు 4ఎల్60గా మారింది. 4 అంటే నాలుగు గేర్లు, ఎల్ అంటే బండి పొడవునా నిలువుగా అమర్చేదని. 1993లో కంప్యూటరు చేతికి వచ్చి 4ఎల్60-ఇ అయింది. మొదట చెప్పిన గుండ్రటి మూత ఈ కుటుంబానిదే.

తెలివైన రూపకల్పన, అందులో సందేహం లేదు. ఒకే పట్టీ రెండో గేరులోనూ నాలుగో గేరులోనూ సూర్యచక్రాన్ని పట్టుకుంటుంది. ఒకే క్లచ్చి మూడు, నాలుగు రెంటిలోనూ పనిచేస్తుంది. అయితే మూడు గేర్ల చోటులో నాలుగు ఇరికించడంతో ఆ మూడు-నాలుగు క్లచ్చికి మిగిలిన స్థలం తక్కువ. దాదాపు ఎప్పుడూ పనిలో ఉండేదీ అదే. మొదటి సంవత్సరాల పెట్టెలు విరివిగా పాడయ్యాయి. కంపెనీ ఏటేటా సవరిస్తూ 1987 నాటికి చాలా లోపాలు సరిదిద్దింది. మిగిలినవాటిని జనం సరిదిద్దుకున్నారు.

షెడ్డులో

ఇలాంటి పెట్టె బరువు సుమారు 70 కిలోలు. దాన్ని కిందికి దించడమే మొదటి పరీక్ష. బండిని జాకీ మీద వదిలి కింద దూరినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గట్టి ఉక్కు స్టాండ్లు పెట్టనిదే ఈ పనికి దిగకూడదు. పెట్టె బల్ల మీదికి వచ్చాక అంతా శుభ్రతే. గుడ్డపీలికతో తుడిస్తే ఒక్క నూలుపోగు చాలు, కవాటం ఇరుక్కుపోవడానికి. దారుల్లో కూర్చునే చిన్న గుండ్లు బిగించేటప్పుడు జారిపోకుండా వాసెలిన్ రాస్తారు, అది తర్వాత నూనెలో కరిగిపోతుంది. కొత్త పలకల్ని బిగించే ముందు నూనెలో నానబెడతారు. అన్నీ కూర్చాక రంధ్రాల్లోకి పంపుతో గాలి కొట్టి చూస్తారు, క్లచ్చి ‘థప్’మని మూసుకోవాలి. ‘బుస్’మంటే ఎక్కడో కారుతోందని అర్థం.

మూడు-నాలుగు క్లచ్చిలో ఫ్యాక్టరీ సాధారణంగా 6 రాపిడి పలకలు పెట్టింది. వాటికి 12 ముఖాలు. పలచటివి 8 పెడితే ముఖాలు 16. ఒత్తిడి అంతే ఉన్నా పట్టు మూడో వంతు పెరుగుతుంది. కానీ ఆ చోటులోనే రెండు ఎక్కువ పట్టాలంటే మధ్యనుండే ఉక్కు పలకలు కూడా పలచబడాలి. ఉక్కు తగ్గితే వేడిని దాచుకునే శక్తి తగ్గుతుంది. ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిదనుకునే ఉత్సాహవంతులు ఈ సంగతి మరిచి పలకలు మాడ్చుకున్నారు.

ఇంకో భాగం ఉంది. సూర్యచక్రాన్ని తిప్పే, గంట ఆకారంలో ఉన్న ఉక్కు రేకు చిప్ప. దాని మెడ చిట్లడం ఈ పెట్టెలకు మామూలు జబ్బు. అప్పుడు రెండు, నాలుగు, వెనక గేర్లు ఒక్కసారే పోతాయి. ఒకటి, మూడు మాత్రం శుభ్రంగా పనిచేస్తాయి. లోపల చూడకుండానే మెకానిక్కు రోగం చెప్పేస్తాడు. ఎలాగో మీరే ఆలోచించండి, సూర్యుడితో పని ఉన్న గేర్లేవో గుర్తు తెచ్చుకుంటే చాలు. దీనికి గట్టిపరచిన ఉక్కుతో చేసిన చిప్పలు బయటి కంపెనీలు అమ్ముతాయి.

అన్నిటికన్నా ఎక్కువ పెట్టెల్ని చంపినది మాత్రం ఒక తీగ. 700ఆర్4లో యాక్సిలరేటరు ఎంత తొక్కారో పెట్టెకు చెప్పేది ఒక కేబుల్. అది ఒత్తిడిని పెంచుతుంది. చాలామంది ఈ పెట్టెను తమ పాత ట్రక్కులకు బిగించి, కేబుల్‌ను వేరే కంపెనీ కార్బొరేటరుకు అందినచోట తగిలించారు. కొలత కాస్త తేడా పడితే ఇంజను పూర్తి బలం ఇస్తున్నా పెట్టె ‘ఇంకా మెల్లగా పోతున్నాం’ అనుకుని ఒత్తిడి తక్కువే ఉంచుతుంది. క్లచ్చి జారుతుంది. కొత్తగా కూర్చిన పెట్టె కూడా కొద్ది మైళ్ళలోనే మాడిపోతుంది. ఖరీదైన పలకలన్నీ పెట్టి, ఈ తీగను నిర్లక్ష్యం చేస్తే డబ్బంతా బూడిదే. 4ఎల్60-ఇలో ఈ ప్రమాదం లేదు. ఒత్తిడిని విద్యుత్తుతో నడిచే కవాటం శాసిస్తుంది. దాని ఏర్పాటులో ఒక చమత్కారం ఉంది. కరెంటు ఎక్కువైతే ఒత్తిడి తగ్గుతుంది, కరెంటు పోతే ఒత్తిడి గరిష్ఠమవుతుంది. వైరు తెగినా క్లచ్చి మాడదు, గేరు మాత్రం ఎగిరి తన్నినట్టు పడుతుంది.

తాళం ఎవరిది?

కంప్యూటరు రావడంతో మెకానిక్కు డ్రిల్లు బిట్టు పదును సగం పోయింది. ఎప్పుడు, ఎంత ఒత్తిడితో గేరు మారాలన్నది రేకులోని రంధ్రాల కన్నా ఎక్కువగా ఒక పట్టికలోని అంకెల మీద ఆధారపడింది. ఆ అంకెల్ని చదివి మార్చే సాధనాలు కూడా త్వరలోనే వచ్చాయి. చిక్కు వేరే దారిలో వచ్చింది. 1998లో అమెరికా చేసిన డిజిటల్ కాపీరైటు చట్టం, సాఫ్ట్‌వేర్‌కు వేసిన తాళాన్ని తప్పించడాన్ని నేరం చేసింది. ఆ చట్టం సినిమాలూ పాటలూ దొంగిలించకుండా చేసినది. కానీ ట్రక్కులో ఉన్నదీ సాఫ్ట్‌వేరే. సొంత డబ్బుతో కొన్న బండి గేరుపెట్టెను సరిచేసుకోవడం నేరమా అని వాదం లేచింది. మసాచుసెట్స్ రాష్ట్రం 2012లో మరమ్మతు హక్కు చట్టం చేసింది. 2015లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం, యజమాని తన బండిని పరీక్షించుకోవడానికి, బాగుచేసుకోవడానికి, చట్టానికి లోబడి మార్చుకోవడానికి తాళం తీయవచ్చని మినహాయింపు ఇచ్చింది. అది ఏడాది తర్వాత, 2016లో అమలుకు వచ్చింది.

ఇందులో కంపెనీల వాదన పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. పొగ పరిమితులు, బ్రేకులు అన్నీ ఇప్పుడు ఆ పెట్టెలతో ముడిపడి ఉన్నాయి. కానీ 1953 నుంచి జరిగినది చూస్తే, పెట్టె ఎక్కడ బలహీనమో మొదట చెప్పినవాళ్ళు చాలాసార్లు దాన్ని ఇంట్లో విప్పినవాళ్ళే. పెట్టెకు తాళం వేస్తే ఆ కబురు వచ్చే దారి కూడా మూసుకుపోతుంది.

మన దగ్గర ఇంతకాలం ఈ తగవు రాలేదు, కారణం సులువు. మన పికప్పులూ లారీలూ ఎక్కువగా చేతి గేర్లతోనే నడుస్తున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ గేరుపెట్టె విప్పి కూర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అనుభవమున్న మేస్త్రీ, సరైన పానాలు ఉంటే చాలు. 2014లో మారుతీ కంపెనీ సెలేరియో కారుతో ఒక మధ్యేమార్గం తెచ్చింది. గేరుపెట్టె పాతదే, పళ్ళచక్రాలు పాతవే, క్లచ్చి కూడా పాతదే. డ్రైవరు ఎడమకాలూ ఎడమచేయీ చేసే పనిని మాత్రం నూనె ఒత్తిడితో నడిచే ఒక మరచేయి చేస్తుంది, కంప్యూటరు చెప్పినట్టు. దాన్ని విప్పిన మన మేస్త్రీకి లోపలి చక్రాలన్నీ తెలిసినవే. అయితే క్లచ్చి పలక మార్చాక, కొత్త పలక ఎక్కడ పట్టు మొదలుపెడుతుందో కంప్యూటరుకు నేర్పాలి. అది నేర్పడానికి పానా పనికిరాదు. కంప్యూటరుతో మాట్లాడే పరికరాన్ని తగిలించాలి.